ఇరవై మూడో నంబరు దొరసాని

హాస్టల్ గది, మూడో అంతస్తు
మార్చి 4

పెదనాన్నకి నమస్కారాలు.

ముందే చెప్పేస్తున్నాను, దొరసానిని చూడలేదు. ఈ మాట చివర్లో రాద్దామనుకున్నాను. కానీ ఏ ఉత్తరమైనా మీరు చివరి పేరా నుంచే మొదలుపెడతారని పెద్దమ్మ చెప్పింది. ఇక ఎక్కడ పెడితే ఏం?

"ఆర్నెల్ల చదువుకి ఆ దేశమే వెళ్తున్నావు కదా, దొరసాని అక్కడే ఉంది. ఒక్కసారి చూసిరా. తింటోందా, నడక ఎలా ఉంది, ఈ రెండూ రాస్తే చాలు" అన్నారు మీరు. ఒక్కసారే కదా అని నేనూ పెద్ద మనిషిలా తలూపాను. మీ జూ మూసేసి, పదకొండేళ్ళు మీ చేత్తో పెంచిన పెద్దపులిని ఇక్కడి సంరక్షణ కేంద్రానికి పంపేసి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో మీరు ఎవర్నీ ఏమీ అడగలేదు. నన్నడిగారు. అందుకే ఆదివారం, వానలో, రెండు బస్సులు మారి, మూడు గంటలు ప్రయాణం చేసి వెళ్ళాను.

వెళ్తే ఏముంది? ఇరవైమందిని వరసగా నిలబెట్టి కంచె పక్కనుంచి నడిపిస్తారు. అరవకూడదు, ఈల వేయకూడదు, గొడుగు ఊపకూడదు. మమ్మల్ని తిప్పిన గైడు నడుముకి ఇంత లావు తాళాల గుత్తి. నడుస్తుంటే గజ్జెల బండిలా చప్పుడు. దొరసాని ఆవరణ దగ్గరికి రాగానే అడిగాను.

"పులి ఏదండీ?"

"లోపలెక్కడో ఉంది. మేం పిలవం. దానికి బుద్ధి పుడితే వస్తుంది."

"పుట్టకపోతే?"

"రాదు."

అంత తేలిగ్గా అనేసింది! రెండో గేటు తాళం తీసి మమ్మల్ని దగ్గరికి తీసుకెళ్ళేసరికి ఎత్తుగడ్డిలో పసుపుపచ్చగా ఏదో కదిలి వెనక్కిపోయినట్టనిపించింది. అది దొరసాని కావచ్చు. ఎండుటాకూ కావచ్చు. పావుగంటయ్యాక "ఇక పదండి" అన్నారు.

అసలు కోపం ఇంకా చెప్పలేదు. కంచెకి ఒక బోర్డు తగిలించారు. ఫోటో కింద ఇలా ఉంది: "ఇరవై మూడో నంబరు. ఆడపులి. వయసు సుమారు పద్నాలుగు. మునుపటి చోట జరిగిన క్రూరత్వం వల్ల తోక చివర పోయింది." చదివేసరికి ఒళ్ళు మండిపోయింది. "మునుపటి చోట దీన్ని పెంచింది మా పెదనాన్న. మీకేం తెలుసని రాశారు?" అని అందరి ముందూ అడిగేశాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "వచ్చినప్పటికే అలా ఉందమ్మా" అంది. అంటే దారిలో జరిగి ఉంటుంది, ఓడలోనో లారీలోనో. అసలు సంగతి మీరు రాసి పంపండి. ఆ బోర్డు మార్పించకపోతే నా పేరు మార్చుకుంటాను.

ఈ మధ్య మాటలు పోగేసుకునే పిచ్చి పట్టిందని మీకు చెప్పాను కదా. ఈ వారం నోటుబుక్కులో రాసుకున్న మాట "ఉసూరుమంటూ". చిన్నప్పట్నుంచీ వింటున్నాను గానీ, తిరుగుబస్సు కోసం తడిబట్టలతో నిలబడ్డాకే ఆ మాట నాకు అర్థమైంది.

మీ వసపిట్ట

*

తాళాల కొట్టు
మార్చి 19

వసపిట్టకి ఆశీస్సులు.

నాలుగు పేజీలు రాశావు. అందులో పులి ఒక్క లైను. అదీ ఎండుటాకేమో అంటున్నావు.

వానలో వెళ్తే అది ఎందుకొస్తుంది? ఒంటిమీద చినుకు పడితే దొరసానిగారికి గిట్టదు. ఎండ కాసే రోజు చూసుకుని, మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక వెళ్ళు. గడ్డిలో వెతక్కు. ఎత్తుగా, పొడిగా ఉండే రాయి ఎక్కడుందో చూడు. ఆ తాళాలావిడకి ఎడంగా నిలబడు. నీ గది తాళంచెవి కూడా జేబులో ఉండకూడదు. ఎవరికైనా ఇచ్చి వెళ్ళు.

ఇక్కడ అంతా మామూలే. మీ పెద్దమ్మ తమ్ముడు, అదే మా బావమరిది, కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ నన్ను చూపిస్తాడు. "మా బావ పెద్దపులుల్ని కాసిన మనిషండీ, ఇప్పుడు మీ బీరువా తాళాలు కాస్తున్నాడు" అంటాడు. నిన్న ఒకాయన అడిగాడు, "పులి ఎప్పుడూ గీరలేదా?" అని. "పదకొండేళ్ళూ ఒక్క గీత పడలేదు. ఈ ఆకురాయితో మాత్రం వారానికోసారి వేలు కోసుకుంటున్నాను" అన్నాను. నవ్వి వెళ్ళిపోయాడు, తన పాత తాళం మర్చిపోయి.

ఆరోగ్యం జాగ్రత్త. వానలో తిరగకు.

పెదనాన్న

*

హాస్టల్ మెట్లు
ఏప్రిల్ 7

పెదనాన్నకి,

ఈ ఉత్తరం మెట్లమీద కూర్చుని రాస్తున్నాను. మీరు చెప్పారని గది తాళంచెవి వార్డెన్‌కి ఇచ్చి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆవిడ బజారుకెళ్ళింది. గంటన్నర అయింది. పక్కగది అమ్మాయి రెండుసార్లు అటూ ఇటూ నడిచి, "పాపం" అన్నట్టు చూసింది.

దొరసానిని ఈసారీ చూడలేదు.

ఎండ బ్రహ్మాండంగా కాసింది. వేళకే వెళ్ళాను. మీరు చెప్పిన రాయి ఉంది, ఎత్తుగా, పొడిగా, పులి లేకుండా. మిగతా జంతువులన్నీ ఈరోజు పండగ చేసుకున్నాయి. సింహం అరుగెక్కి కెమెరాలున్నవాళ్ళకి ఆవలించి చూపించింది. కుంటి చిరుతపులి కూడా వచ్చి కంచె దగ్గర బొజ్జ చూపిస్తూ దొర్లింది. నేను ఆ ఖాళీ రాయికి ఎదురుగా బెంచీమీద మూడు గంటలు కూర్చున్నాను. నా పక్కన కూర్చున్న ముసలాయన లేస్తూ, "మీ రాయి బాగుందమ్మా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రెండు సంగతులు మాత్రం గమనించాను. ఒకటి, దాని పళ్ళెంలో మాంసం సగం అలాగే ఉంది, ఎముక ఉన్న ముక్కని ముట్టలేదు. రెండోది, గేట్లు మూసే వేళయిందని గైడు తాళాలు గలగలలాడించింది. వెంటనే రాయి వెనకనుంచి ఒక చప్పుడు వచ్చింది. గర్జన అంటే సినిమాల్లోలా ఉంటుందనుకున్నాను. ఇది నా చెవులకంటే ముందు పొట్టలో వినబడింది. ఆ తర్వాత ఏమీ లేదు.

తాళాలకీ దానికీ ఏమిటి గొడవ? ముందే తెలిసినట్టు రాశారు, ఎందుకో మాత్రం రాయలేదు. బోర్డు గురించి అంతంత రాస్తే ఒక్క ముక్క జవాబు లేదు. నేను ఫిర్యాదు రాసి ఉంచాను, రెండు పేజీలు, మంచి మంచి మాటలు ఏరి మరీ రాశాను. తోక సంగతి మీరు చెబితే ఇచ్చేస్తాను.

వార్డెన్ వస్తోంది. సంచీ నిండా ఉల్లిపాయలు.

వసపిట్ట

*

తాళాల కొట్టు
ఏప్రిల్ 22

వసపిట్టకి,

ఎముక ముక్క ముట్టలేదన్నావు. మిగతా మాంసం ఏ వైపు పళ్ళతో నములుతోందో ఎవరినైనా అడుగు. తల ఒక పక్కకి వాల్చి తింటోందా? ముందు కాలితో బుగ్గ రుద్దుకుంటోందా? ఇవి తప్పకుండా కనుక్కో.

కొట్టులో పని ఎక్కువగా ఉంది. ఒకావిడ తాళంచెవి పోయిందని పెట్టె తెచ్చింది. గంటసేపు కుస్తీ పట్టి తెరిస్తే, తాళంచెవి పెట్టెలోనే ఉంది. మా బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. నన్ను చూసి కూడా నవ్వుతుంటాడులే. మా ఇంటి తాళాల్ని గుడ్డముక్కలో చుట్టి జేబులో పెట్టుకుంటాను కదా, "బావా, అవి తాళాలా, పసిపిల్లలా?" అంటాడు.

ఫిర్యాదు ఇవ్వకు. బోర్డు సంగతి వదిలెయ్.

పెదనాన్న

*

హాస్టల్ గది
మే 6

పెదనాన్నకి,

ఈసారి కుశలప్రశ్నలు లేవు.

మూడోసారి వెళ్ళాను. దొరసాని ఆవరణకి వెళ్ళే దారికే తాడు కట్టేశారు. "జబ్బుగా ఉంది, సందర్శకులకి అనుమతి లేదు" అన్నారు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అక్కడే కూలబడి, మా పెదనాన్న ఇలా, నా ప్రయాణం అలా అని ఏడుపుగొంతుతో చెప్పేశాను. వాళ్ళు పులుల్ని చూసుకునే పెద్దాయన్ని పిలిచారు. తెల్లటి గుబురు మీసాలు. నా నోటుబుక్కులో ఆయన మీసాలాయన. మీరు అడగమన్నవన్నీ అడిగాను. తల కుడిపక్కకి వాల్చే తింటోందట. ఎడమ బుగ్గ రుద్దుకుంటోందట. "ఇవన్నీ నీకెవరు చెప్పారు?" అని నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చారు.

సంగతి ఇదీ. ఎడమవైపు కోరపన్ను కింద చీము పట్టింది. పన్ను తీయాలి. తీయాలంటే అది లోపలి గదిలోకి రావాలి, వస్తే దగ్గరనుంచి కొలిచి మత్తుమందివ్వచ్చు. మూడేళ్ళలో అది ఒక్కసారి కూడా ఆ గదిలో అడుగు పెట్టలేదట. జారుడు తలుపు దాకా వచ్చి, తాళాల చప్పుడు వినగానే వెనక్కి పారిపోతుందట. బయట ఉండగా దూరంనుంచి మత్తుసూది కొట్టచ్చు. కానీ వయసు మీరింది, చిక్కిపోయింది. భయపడి పరిగెత్తితే గుండె ఆగచ్చంటోంది డాక్టరమ్మ. వచ్చే నెల మొదటి వారం దాకా చూస్తారట. అప్పటికీ రాకపోతే సూదే.

తాళాలంటే దానికెందుకు భయం? మీరు మీ తాళాలు ఎందుకు గుడ్డలో చుట్టుకుంటారు? మీరు అన్నీ అడుగుతారు. నేను అడిగినదానికి పెట్టె గురించీ బావమరిది గురించీ రాస్తారు. నీళ్ళు నమలడమంటే ఇదే. ఈ మాట మీ మీద వాడాల్సి వస్తుందనుకోలేదు.

నన్ను ఇంత దూరం పంపింది ఎముకలు లెక్కపెట్టడానికా? తెలిసింది చెప్పండి. చెప్పకపోతే ఇక ఆ కేంద్రం గడప తొక్కను.

*

ఇంటి దగ్గరనుంచి
మే 18

అమ్మా,

నీ ఉత్తరం అందిన రోజే రాస్తున్నాను. కొట్టుకి వెళ్ళలేదు. త్వరగా చేరే టపాలో పంపుతున్నాను.

బోర్డు మీద ఉన్నది నిజం.

పదకొండేళ్ళు దొరసానికి నేను ఒక్కటే అలవాటు చేశాను. తిండి వేళకి తాళాల గుత్తిని ఇనపచువ్వకి రెండుసార్లు కొట్టేవాణ్ణి. ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేది. ఆ చప్పుడు చేసి ఏ రోజూ దానికి తిండి పెట్టకుండా ఉండలేదు. సూది వేయాల్సి వచ్చినప్పుడు కూడా ఆ చప్పుడు చేయలేదు. అది మా ఇద్దరి ఒప్పందం.

జూ మూసేసినప్పుడు లారీ వచ్చింది. ప్రయాణపు బోనుని లోపలి గది తలుపుకి ఆనించి పెట్టారు. నాలుగు రోజులు అది బోనెక్కలేదు. అధికారులు గడియారం చూసుకుంటున్నారు. ఇంకొక్క వారం ఇవ్వండి, నేను మెల్లగా అలవాటు చేస్తాను అన్నాను. "మీరు పిలిస్తే వస్తుందట కదా, ఇంకా నాటకాలెందుకు?" అన్నారు. ఐదోరోజు నేను గుత్తి తీసి చువ్వమీద రెండుసార్లు కొట్టాను.

వచ్చింది. ఆకలిమీద ఉంది కదా, నన్ను చూస్తూ నేరుగా బోనులోకి వచ్చేసింది. బోనులో తిండి లేదు. ఎక్కడ వెనక్కి తిరుగుతుందోనని తొందరలో, పైకెత్తి పట్టుకున్న తలుపు వదిలేశాను. తోక ఇంకా బయటే ఉంది. అంతకు ముందు పదకొండేళ్ళూ తోక చూసుకోకుండా తలుపు వేసి ఎరగను.

అది అరిచిన అరుపు నేను రాయలేను. నీ నోటుబుక్కులో ఏదైనా మాట ఉంటే నువ్వే రాసుకో. లారీ కదిలే దాకా నా వైపు చూడలేదు. ఈ సంగతి మీ పెద్దమ్మకి కూడా తెలియదు. దారిలో జరిగిందని నువ్వు అనుకుంటే, అలాగే అనుకోనీ అని ఊరుకున్నాను.

ఇప్పుడు చెప్పేది వాళ్ళకి చదివి వినిపించు.

ఆవరణ దగ్గరికి ఎవరూ తాళాలతో వెళ్ళకూడదు. ఒక్క తాళం కూడా. దాన్ని పిలవకూడదు, తిండి చూపించకూడదు. రోజూ పొద్దున్నే అన్నిటికంటే ముందు నేను చువ్వల ఇవతలి నడవా ఊడ్చేవాణ్ణి. పొడుగుకర్ర గట్టి చీపురుతో రెండు పొడుగు విసుర్లు, ఒక పొట్టి విసురు, అలా. అప్పుడు నా దగ్గర తాళాలుండేవి కావు, బయట స్టూలుమీద పెట్టి వచ్చేవాణ్ణి. దాని వైపు వీపు పెట్టి ఊడ్చుకుంటూ పోయేవాణ్ణి. ఆ వేళ నాకు దానితో పని లేదు, దానికి నాతో పని లేదు. అయినా వచ్చి చువ్వల పక్కన పడుకునేది. చీపురు ఆగితే "ఫుర్‌ర్" అని ముక్కుతో చప్పుడు చేసేది. అది పులి సంతోషంగా ఉంటే చేసే చప్పుడు.

నేను పాడుచేయని చప్పుడు దాని దగ్గర అదొక్కటే మిగిలింది. వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే పని ఉన్నట్టు లెక్క.

నువ్వు గడప తొక్కకపోయినా నాకు కోపం లేదు. ఉత్తరం మాత్రం వాళ్ళకి చేర్చు.

పెదనాన్న

*

హాస్టల్ గది
జూన్ 9

పెదనాన్నకి నమస్కారాలు.

మొదట ఇది చదవండి, మీరు ఎక్కడ మొదలుపెట్టినా సరే: పన్ను తీశారు. బతికే ఉంది. మూడోరోజు ఎముక కొరికింది.

ఇప్పుడు మొదట్నుంచి చెప్తాను. మీ ఉత్తరం చదివి రెండు రోజులు దాన్ని సంచీలో పెట్టుకుని తిరిగాను. మీ మీద కోపమో, ఆ అధికారుల మీదో, నా రెండు పేజీల ఫిర్యాదు మీదో తెలియదు. అది చింపేశాను. తర్వాత బస్సెక్కాను.

మాంసం కోసే గదిలో నిలబడి మీసాలాయనకి మీ ఉత్తరం ఒక్కొక్క వాక్యమే వాళ్ళ భాషలో చెప్పాను. ఆయన చేతిలో కత్తి పక్కన పెట్టేసి విన్నారు. "మూడేళ్ళుగా రోజూ నడుముకి గుత్తి కట్టుకుని మరీ దాన్ని లోపలికి రమ్మంటున్నాం" అన్నారు. మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ రోజే బయట గోడకి మేకు కొట్టించారు. తాళాలన్నీ దానికే.

నాలుగు రోజులు ఆయనే ఊడ్చారు, నేనూ అక్కడే ఉండిపోయాను. దొరసాని తలుపు దాకా వచ్చేది, ఆగిపోయేది. ఐదోరోజు నాతో అన్నారు, "నాకు మెడ తిరిగిపోతోందమ్మా. ముప్పైయేళ్ళ అలవాటు, చూడకుండా ఉండలేకపోతున్నాను." డాక్టరమ్మ రేపు సూది కొట్టేస్తానంది. నేను ఊడుస్తానన్నాను.

"నువ్వా? చూడ్డానికే కదా మూడుసార్లు వచ్చావు. చూడకుండా ఉండగలవా?"

"మా పెదనాన్న నన్ను కూడా పెంచారండీ" అన్నాను.

పొడుగు సిమెంటు నడవా. నా వీపు వెనక చువ్వలు, వాటి వెనక గది, దాని అవతల పైకెత్తి ఉంచిన తలుపు. కప్పుకి ఒక కెమెరా. పక్కగదిలో డాక్టరమ్మ దాన్లో చూస్తోంది, రికార్డు చేసే రకం కాదు. ఆ చివర మీసాలాయన, తలుపు దించే చక్రం దగ్గర. రెండు పొడుగు, ఒక పొట్టి. మొదటిసారి చివరిదాకా వెళ్ళేసరికి వరస తప్పింది. మళ్ళీ మొదటికొచ్చాను. ఊడ్చిన చోటే ఎన్నిసార్లు ఊడ్చానో లెక్కలేదు. నడవా అద్దంలా అయింది. ఒక్క పులివెంట్రుక కూడా దొరకలేదు. ఏమీ రాలేదు. విసుగొచ్చి చీపురు ఆపాను.

"ఫుర్‌ర్."

నా మోకాళ్ళ ఎత్తున, వెనక, ఎంత దగ్గరంటే పిక్కలకి వేడిగాలి తగిలింది. నిజం చెప్తున్నాను పెదనాన్నా, మెడ దానంతటదే తిరగబోయింది. పళ్ళు బిగించుకుని గోడ వైపు చూశాను. గోడమీద ఒక పగులు ఉంది, దాని ఆకారం ఇప్పుడు కూడా గీయగలను. మళ్ళీ ఊడ్చాను. అటుపక్క చక్రం తిరిగిన చప్పుడు. కాసేపటికి మీసాలాయన నా భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకొచ్చేశారు.

అంతే. ఇప్పుడది కోలుకునే దాకా ఎవరికీ చూపించరు, ఆగస్టు అవుతుందట. నా చదువు జూలైలో అయిపోతుంది. ఇంత తిరిగి, ఇంత ఏడ్చి, నేను దొరసానిని చూడకుండానే ఇంటికొస్తాను. ఉక్రోషంగా ఉంది. ఇంకోసారి రాస్తున్నాను, ఉక్రోషంగా ఉంది!

నడక ఎలా ఉందో చెప్పలేను. తింటోంది.

బోర్డులో ఆ "క్రూరత్వం" అన్న మాట తీసేయమని అడిగాను. "ఏం రాయాలో మీ పెదనాన్ననే అడుగు, అదే రాయిస్తాను" అన్నారు మీసాలాయన. నేను "తొందర" అని రాద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?

మీ వసపిట్ట

*

తాళాల కొట్టు
జూన్ 24

వసపిట్టకి ఆశీస్సులు.

ఈసారి ఉత్తరం మొదటినుంచే చదివాను. కొట్టులో పైకి చదివాను. మా బావమరిది నవ్వలేదు. మీ పెద్దమ్మకి అంతకు ముందురోజే అంతా చెప్పాను. ఆవిడ "అందుకా ఆ గుడ్డముక్క" అంది.

బోర్డు మార్పించకు. తొందర నా వైపునుంచి. తోక పోయినదాని వైపునుంచి చూస్తే వాళ్ళు రాసిందే సరైనది. అది చదవగలిగితే తనకి కూడా ఆ మాటే కావాలంటుంది.

చూడలేదని ఉక్రోషపడు, తప్పులేదు. చూసి ఉంటే అది వచ్చేది కాదు.

ఒక్కటి అడుగుతాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, అది మాత్రం దొరకలేదు. చక్రం తిరిగిన చప్పుడైందన్నావు. తలుపు ఎలా దించారు?

పెదనాన్న

*

సంరక్షణ కేంద్రం బెంచీ మీదనుంచి, కార్డు
జూలై 8

పెదనాన్నకి,

డాక్టరమ్మని అడిగాను, ఆవిడ కెమెరాలో చూసింది. తలుపు సగం దాకా దించి ఆపేశారట. తోక ఇంకా బయటే ఉందట. అది తనంతట తాను లోపలికి లాక్కునే దాకా మీసాలాయన చక్రం పట్టుకుని అలాగే నిలబడ్డారట.

ఎంతసేపని అడిగాను. ఆవిడ చేతిలో టీ పూర్తిగా చల్లారిపోయిందట.

వసపిట్ట